గుడ్డపట్టె
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలలో సాధారణముగా కవిత్వమును గూర్చియో, గ్రంథాలయోద్యమమును గూర్చియో ప్రసంగములు జరుగును. ఈ సాయంకాలపు విషయము ఒక గుడ్డముక్క. మంగలికత్తికి పదును నిలుపుటకై తోలుపట్టె వెనుక వ్రేలాడదీయు గుడ్డ ఏ నూలుతో నేసినదై యుండవలెను, ఏది పనికివచ్చును, ఏది కత్తిని చెరచును అనునదే ప్రసంగము. విషయము చిన్నది. కాని ఆ గుడ్డమీద ఆడిన కత్తి మరుక్షణమున మనుష్యుని కంఠముమీద ఆడును గనుక దానిని చిన్నదని త్రోసివేయుటకు వీలులేదు.

ఈ విషయము సభకు వచ్చుటకు కారణము కలదు. నిరుడు ఒక యువకుడు ఈ గ్రంథాలయమునకు వచ్చి, కత్తి నూరు పట్టెను చేయు విధమును తెలుపు పుస్తకమున్నదా యని అడిగెను. బీరువాలన్నియు వెదకిరి. వ్యాకరణములు కలవు, శతకములు కలవు, డిటెక్టివు నవలలకు కొదవ లేదు. వడ్రంగమునకు ఒకటి, కుట్టుపనికి రెండు పుస్తకములు దొరికినవి. క్షురకవృత్తిని గూర్చి ఒక్కటియు దొరకలేదు. పెండ్లికి సన్నాయి ఊది, పురుటింట మంత్రసానితనము చేసి, కురుపులకు కత్తిపెట్టి ఊరిని కాచిన కులమువారి విద్యకు ఇన్ని బీరువాలలో ఒక్క అరయైనను లేకపోవుట విచారింపదగిన సంగతి.

ఆ యువకుడు ఆ వృత్తికుటుంబమువాడే. పట్టణమున సెలూనులో పని చేయుచున్నాడు. అతని తాతకు ఎనుబది యేండ్లు దాటినవి. చేతులు వణకుటచే ఆ వృద్ధుడు తన గడ్డము తాను గీసికొనలేకున్నాడు. మనుమడు సగము బ్లేడు తొడిగిన పిడితో గీయబోగా అంగీకరింపలేదు. తన తండ్రి వాడిన షెఫీల్డు కత్తితోనే గీయవలెనని పట్టుపట్టెను. కత్తి పొదిలో భద్రముగనే యున్నది; తోలును చెడలేదు. గుడ్డపట్టెను మాత్రము ఎలుకలు కొరికివేసినవి. సెలూనులో నేర్చిన పనియందు కత్తి నూరుట లేదు గనుక మనుమనికి దారి తోచలేదు.

కత్తి పదునెక్కుటలో మూడు మెట్లు కలవు. మొదటిది సానరాయి. రాయి ఉక్కును కొరికి వాదరకు రూపమిచ్చును. కాని రాయి విడిచిన వాదర కంటికి తిన్నగా కనబడినను, భూతద్దము క్రింద రంపమువలె నుండును. అంచున అక్కడక్కడ సన్నని లోహపు పొర తీగవలె వంగి వ్రేలాడుచుండును. రెండవ మెట్టు గుడ్డ. గుడ్డ ఆ పొరను త్రుంచును. అంటియున్న రాతిపొడిని, సబ్బుమరకను, కంటికి కనబడని తుప్పును తుడిచివేయును. ఒరిగిన అంచును నిలబెట్టును. మూడవది తోలు. తోలు మెరుగుపెట్టును. గుడ్డ లేకుండ తోలుమీదనే ఆడించిన కత్తి కొన్నాళ్లు పనిచేయకపోదు. అయితే గుడ్డ తుడువవలసిన మురికి తోలునకెక్కి, ఆ మురికియే మరల వాదరను గీరుచుండును. గుడ్డను, తోలును చక్కగా వాడువాని కత్తి నెలల తరబడి రాతి ముఖము చూడనక్కరలేదు.

గడ్డపు వెంట్రుక ఉక్కుకంటె ఇంచుమించు ఏబది రెట్లు మెత్తనిది. మెత్తని వెంట్రుక గట్టి ఉక్కును ఎట్లు మొద్దుబార్చును? అమెరికాలో మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు దీనిని సూక్ష్మదర్శినితో పరిశీలించి 2020లో ప్రకటించిరి. వెంట్రుక వంగి ఏటవాలుగా వాదరకు తగిలినప్పుడు, ఆ తావున ఉక్కుయందు ముందే చిన్న లోపమున్నచో, అంచునుండి అతిసూక్ష్మమైన పెచ్చులు లేచిపోవునట. అనగా వాదర అరుగుటయే గాక, చిట్లుచున్నదన్నమాట. నూరుటలో మిగిలిన గీతయు, వంపును ఒక్కొక్కటి ఒక లోపమే గదా! గుడ్డ చేయు పనియొక్క విలువ ఇచ్చట తెలియుచున్నది.

పూర్వులు ఈ సంగతిని ఎరుగకపోలేదు. సుశ్రుతసంహిత సూత్రస్థానము 8వ అధ్యాయమున ఇరువది శస్త్రములను వర్ణించి, వాని వాదరల మందమును గూడ సుశ్రుతుడు నిర్ణయించెను. కొన్నిటికి చిరుసెనగ గింజ అంచంత, కొన్నిటికి అందులో సగము. కోయు శస్త్రములకు అర వెంట్రుక మందము. గరుకైన వాదరను దోషములలో చేర్చి, ఎముకలు కోయు రంపమునకు మాత్రము మినహాయింపునిచ్చెను. నూరుటకు మినుముల వన్నె గల నున్నని రాయిని చెప్పెను. వాదరను నిలుపుటకు శాల్మలీ ఫలకమును, అనగా బూరుగు పలకను చెప్పెను. ఈ రెండింటిని వేరుచేసి చెప్పుటయే గమనింపదగినది. రాయి చేయు పని వేరు, మెత్తని పలక చేయు పని వేరు. నేటి పట్టెకు ఆ బూరుగు పలకయే తాతముత్తాత. శస్త్రము వెంట్రుకను తెగగొట్టగలిగినప్పుడే దానిని చేతబట్టవలెనని ఆయన పెట్టిన పరీక్ష, నేటికిని క్షురకులు పెట్టు పరీక్షయే.

వాగ్భటుడు అష్టాంగహృదయమున శస్త్రములు దాచు పొదికి కొలతలు చెప్పెను. తొమ్మిది వ్రేళ్ల వెడల్పు, పండ్రెండు వ్రేళ్ల పొడవు. అవిసెనార గుడ్డతోనో, పట్టుతోనో, మెత్తని తోలుతోనో కుట్టి, శస్త్రముల నడుమ ఉన్ని పెట్టవలెనట. మంగలిపొదిని చూచి నవ్వువారు ఈ అధ్యాయమును చదువుట మంచిది.

ఇక గుడ్డల మాట. అమరసింహుడు మనుష్యవర్గమున వస్త్రములను పుట్టుకనుబట్టి నాలుగు జాతులుగా విభజించెను: చెట్టు నారనుండి పుట్టినవి, కాయనుండి పుట్టినవి, పురుగు గూటినుండి పుట్టినవి, జంతువుల రోమమునుండి పుట్టినవి. ఆ యువకుడు నిఘంటువును చూచి చేయలేదు గాని, అతడు చేసిన ప్రయోగములు చిత్రముగా ఈ నాలుగు జాతులను చుట్టివచ్చినవి.

మొదట అతడు గొంగళి ముక్కను కట్టెను. మెత్తగా నున్నది గదా, కత్తికి హాని యుండదని తలచెను. అదియే పొరపాటు. ఉన్నిపోగు తెగకుండ నూటికి ముప్పది పాళ్లవరకు సాగును. కత్తిని దానిపై అదిమినప్పుడు వాదర లోనికి దిగును; కత్తి ముందుకు సాగినకొలది వెనుకనున్న గుడ్డ పైకి లేచి వాదరను చుట్టి రుద్దును. వాదర గుండ్రమగును. ఆ దినము కత్తి ముంజేతి వెంట్రుకనైనను తెంపలేదు. తాత ముక్కు విరిచి, “ఒరే అబ్బాయ్, మెత్తనిదానిమీద పడుకుంటే మనిషీ లేవడు, కత్తీ లేవదు” అనెను. కత్తిని మరల రాతికి ఎక్కింపవలసివచ్చెను. పలకకు అంటించిన ఉన్ని దళసరిగుడ్డపై పచ్చని క్రోమియము ఆక్సైడు పూసి వాడువారు లేకపోలేదు. అది వేరు పని. అక్కడ ఆ పొడి సూక్ష్మమైన రాయివలె ఉక్కును కొరుకును. దానిని దినమును వాడరాదు, ఆ పొడి తగిలిన గుడ్డను మరి యే పనికిని వాడరాదు.

రెండవమారు గోనెపట్ట తెచ్చెను. నారజాతిలో ఇది అతి గరుకైనది. గరుకుతనమైనను కొంత సహింపవచ్చును గాని, ధాన్యము మోసిన గోనెలో దాగియున్న మట్టిని సహింపరాదు. మట్టిలోని ఇసుక ఉక్కును గీయగలంత గట్టిది. ఏ గుడ్డనైనను పరీక్షించుటకు సులభోపాయము కలదు: మెరుగుపెట్టిన రాగిచెంబుమీద గుడ్డను గట్టిగా పదిమార్లు రుద్ది వెలుతురున చూడవలెను. సన్నగీతలు పడినచో ఆ గుడ్డలో ఇసుకయో, పెళుసైన పుల్లపీచో ఉన్నట్లు.

నారజాతిలో ఉత్తమమైనది గోనె కాదు, అవిసెనార. ఇచ్చట అవిసె యనగా పూలు కూరవండుకొను చెట్టు కాదు, నూనెగింజల మొక్క. సంస్కృతమున క్షౌమమనియు, నేటి బజారులో లినెన్ అనియు అందురు. ఆ పోగు నూటికి రెండు మూడు పాళ్లకంటె సాగదు. పొడవైనది, నున్ననిది, తడిసినను బలము తగ్గనిది. అందుచేతనే ఐరోపా, అమెరికా దేశముల క్షురకులు తోలుతో జతగా దళసరి లినెన్ పట్టెను వాడుచుండిరి. నిప్పులార్పువారి పాత నారగొట్టములను చీల్చి పట్టెలు చేసికొన్నవారును కలరు. పదునెనిమిదవ శతాబ్దపు చివర లండనులో ప్యాక్‌వుడ్ అను వర్తకుడు పట్టెలకు పద్యములు, కథలు కట్టి పత్రికలలో ప్రకటనలు వేసి ప్రసిద్ధికెక్కెను. పట్టె అమ్ముటకు అంత కవిత్వము అవసరమో కాదో గాని, లినెన్ మంచిదనుటలో సందేహము లేదు. దళసరి లినెన్ పల్లెటూళ్లలో దొరకుట కష్టము. చొక్కాల లినెన్ దొరకినను పలుచనిది, పట్టెకు ఆనదు.

పట్టుజాతిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. పాత చీర పెద్దంచు ముక్కను యువకుని తల్లి ఇచ్చెను. దానిలో జరీపోగు లున్నవి. కత్తివాదరకు లోహపుపోగు తగులరాదు. తాత దానిని చూచినవెంటనే తిరిగి ఇప్పించెను. జరీ లేని పట్టు మెరుగుపెట్టును గాని మురికిని పట్టి లాగదు, పైగా ఖరీదు.

అమరసింహుడెరుగని ఐదవ జాతి ఒకటి నేడు కలదు. 1935లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలయందు పుట్టిన నైలాను, తరువాత వచ్చిన పాలియెస్టరును అట్టివి. కార్లలో మనుష్యులను సీటునకు కట్టు పట్టీ ఈ జాతిదే. యువకుడు పాత కార్ల దుకాణమునుండి ఒక పట్టీని తెచ్చెను. న్యాయముగా చెప్పవలెనన్న ఇది చెడ్డది కాదు. గట్టిది, నీటికి ముడుచుకొనదు, ఇసుక పట్టదు. పెక్కుమంది దీనితో తృప్తిపడుదురు. కాని కొత్తది అతి నునుపు. కత్తి దానిపై జారిపోవునే గాని తుడిచికొనదు. తాత మంచముమీద కన్నులు మూసికొని వినుచు, “చప్పుడేదిరా? గుడ్డ మాట్లాడాలి. ఇది మూగది” అనెను. వృద్ధునికి కంటిచూపు తగ్గినది. కత్తి సంగతి చెవితో తెలిసికొనును. గుడ్డ వాదరను పట్టి లాగునప్పుడు పుట్టు సన్నని ధ్వనినిబట్టి పని జరుగుచున్నదో లేదో చెప్పగలడు.

మిగిలినది కాయజాతి, అనగా ప్రత్తి. ప్రత్తిపోగు నూటికి ఏడుపాళ్ల చుట్టు సాగును. అవిసెకంటె ఎక్కువ, ఉన్నికంటె చాల తక్కువ. దగ్గరగా నేసినచో ఆ సాగుదల మరింత తగ్గును. కనుక ప్రత్తియందు చూడవలసినది నూలుకంటె నేతయే. పొందూరు ఖద్దరు లోకప్రసిద్ధము. వాలుగచేప దవడతో దువ్వి వడికిన ఆ సన్ననూలు గుడ్డ కట్టుటకు ఎంత హాయియో, పట్టెకు అంత పనికిమాలినది. ఇచ్చట కావలసినది ముతకనూలు, పేనిన పోగు, సందులేని నేత. జీన్సు గుడ్డ బలమైనదే. కాని దాని నేతలో ఏటవాలుగా గట్లు లేచియుండును. కొంతకాలము తొడిగి, ఉతికి, గట్లు అణగినదైనచో మంచి పట్టె యగును. కుట్టు వచ్చినచోటును, రాగిమేకులు కొట్టినచోటును వదలివేయవలెను. డేరాగుడ్డలో నీరు దిగకుండుటకు మైనము పూసినది వలదు. మరపట్టీకి రబ్బరు పట్టించినది అసలే వలదు.

యువకుడు జీన్సు ముక్క కోయబోవుచుండగా తాత లేచి కూర్చుండి, తాను పడుకొన్న మంచమును చేతితో చరచెను. “కింద ఏముంది?” అనెను. “నవారు, తాతా” అనెను మనుమడు. “మరి ఊరంతా తిరిగావేం?”

అవి నేటి ప్లాస్టికు నవారు మంచములు కావు, పాత నూలునవారు. ముతకనూలుతో దగ్గరగా నేసినది, రెండు ప్రక్కల అంచు కట్టినది గనుక పోగులు ఊడవు, మనిషి బరువును ఏండ్ల తరబడి మోసినది గనుక సాగవలసినంత సాగి యూరుకొన్నది. పట్టెకు ఇంతకంటె ఏమి కావలెను? వెడల్పు మూడంగుళములకు తక్కువగుటచే కత్తి పొడవంతయు ఒక్కసారి ఆనదు. దానికి కత్తిని ఏటవాలుగా లాగిన సరిపోవును.

సిద్ధపరచిన విధము ఎట్లనగా: రెండు మూరల నవారును విప్పి, కుంకుడురసముతో ఉడికించి, మూడు నీళ్ల జాడించిరి. చౌడుతో ఉతుకరాదు, చౌడుమట్టిలోని ఇసుక నేతలో చిక్కుకొనును. కొత్తగుడ్డ యైనచో గంజి పూర్తిగా పోవలెను. గంజి ఎండి పొడియై వాదరకు అంటును. ఉతికినతరువాతనే కొలుచుకొనవలెను, ప్రత్తి మొదటి తడుపుకు ముడుచుకొనును. ఇది మరచి ముందు కోసికొన్నవాడు తరువాత చింతించును. థాను గుడ్డనుండి కోయువారు పడుగు పొడవునే కోయవలెను. పేకవైపు కోసినది వదులగును, ఓరగా కోసినది సాగుచునే యుండును. తరువాత నీడలో ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, పొడిసబ్బు బిళ్లను గుడ్డమీద రుద్ది, నున్నని గాజుసీసాతో అదిమి అదిమి పోగులలోనికి దిగునట్లు చేసిరి. విదేశములందలి క్షురకవిద్యాశాలలలో నేర్పిన పద్ధతియు ఇదియే. తాత దానిని ఏ పాఠశాలలోను నేర్వలేదు. పై కొసను ఇనుపకడియమునకు మడిచి మైనపుదారముతో కుట్టి, క్రింది కొసకు చేతిపట్టుకై తోలుముక్క కుట్టిరి. తోలుపట్టె ముందు, గుడ్డపట్టె వెనుక. రెండును ఒక్క కడియమునకే.

కత్తిని ఆడించుటలో వెన్ను ముందు, వాదర వెనుక. వెన్నును, వాదరను రెండింటిని గుడ్డకు ఆనించియే లాగవలెను. మరలునప్పుడు వెన్నుమీద దొర్లింపవలెను. వాదరమీద దొర్లించినచో గుడ్డ తెగును, కత్తి చెడును, ఒక్కొకప్పుడు వ్రేలును తెగును. పట్టె బిగువుగా నుండవలెను. చేతిబలము చూపనక్కరలేదు, కత్తి బరువే చాలును. గుడ్డమీద ఇరువది, తోలుమీద ఏబది రాకపోకలు సాధారణపు లెక్క.

ఒక హెచ్చరిక మిగిలియున్నది. పూర్వము ఒక్క కత్తి, ఒక్క పట్టె ఊరంతటికి చెల్లెను. రక్తముద్వారా కామెర్ల వ్యాధులు, ఎయిడ్సు వ్యాపించునని తెలిసిన ఈ కాలమున అది కూడదు. ఉక్కును మరగబెట్టి శుద్ధిచేయవచ్చును. తోలును మరగబెట్టరాదు, గుడ్డను మనిషికొకమారు ఉడికింపలేము. కనుకనే సెలూనులు పట్టెను విడిచి పారవేయు బ్లేడును పట్టినవి. జిల్లెట్ 1904లో తన క్షురమునకు అమెరికాలో పేటెంటు పొందిననాడు పట్టెకు సెలవిచ్చు కాలము మొదలైనదనవచ్చును. పట్టెను చేసికొనువారు దానిని ఒక్కని కత్తికే, ఒక్కని గడ్డమునకే ఉంచుకొనవలెను. ఇందు మొగమాటము పనికిరాదు.

ఆ యింట అట్లే జరిగినది. ఒక ఆదివారము ఉదయమున నవారుపట్టెను తలుపుగడియకు తగిలించి మనుమడు కత్తి నాడించెను. తాత కన్నులు మూసికొని లెక్కించుచుండెను. ఇరువదికి మనుమడు ఆగగా, “ఇంకో పది. రెండో వైపు గొంతు తగ్గింది” అనెను. మరి పది ఆడించి, తోలుమీద ఏబది పూర్తిచేసి, తడి వెంట్రుకపై చూచిరి. తెగెను. చెంపలు గీసి, గవదక్రిందికి వచ్చునప్పటికి మనుమని చేయి ఆగెను. వృద్ధుడు తల వెనుకకు వాల్చి, తనంతట తానే గొంతుచర్మమును రెండు వ్రేళ్లతో బిగలాగి పట్టెను. ఆ వ్రేళ్లు అంతసేపును వణకలేదని ఆ యింటివారు చెప్పుదురు.

పని ముగిసినతరువాత కత్తిని పొడిగుడ్డతో తుడిచి, నూనె చుక్క రాసి, పొదిలో పెట్టిరి. పట్టెను మడవకుండ, ఎలుకలకు అందకుండ, దూలపు మేకునకు వ్రేలాడదీసిరి. మంచమునకు ఒక వరుస నవారు తక్కువైనది. మనుమడు ఆ సోమవారమే కొలతలను, గుడ్డల పరీక్షలను ఒక నలువది పుటల నోటుపుస్తకమున వ్రాసి గ్రంథాలయమునకు తెచ్చి ఇచ్చెను. గ్రంథపాలకుడు దానిని పట్టికలో ఎక్కించుచు గ్రంథకర్త యెవరని అడుగగా, యువకుడు తన పేరు చెప్పక తాత పేరు వ్రాయించెను. ఆ నోటుపుస్తకము వడ్రంగపు పుస్తకము ప్రక్కన, రెండవ బీరువా క్రింది అరలో ఉన్నది.